మంచు నెలల చుక్కలు

నేను మంచును చేత్తో ముట్టుకున్నది ఒక్క చోటే, భూమధ్యరేఖ పక్కన చలికాలమే లేని ఈ దీవిలో, మా హౌగాంగ్ ఫ్లాట్‌లో ఫ్రిజ్ పై అరలో. అయినా పదకొండేళ్ళుగా నా ఉద్యోగం మంచునేల మీదే. భూమికి ఉత్తరపు కొసన గడ్డకట్టి ఉన్న నేల ఎంత కరుగుతోంది, దాని మీది అడవులు ఎక్కడెక్కడ తగలబడుతున్నాయి అని ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో వెతకడం నా పని. తెలుగువాళ్ళ భోజనాల్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు. "మంచు చూడకుండానే మంచు మీద రీసెర్చా? అయితే పెళ్ళిచూపులు లేకుండా కాపురం చేస్తున్నారన్నమాట" అన్నాడొకాయన, పులిహోర వడ్డించుకుంటూ. నేనూ నవ్వాను. గరిటె నా చేతిలో ఉండి ఉంటే మాత్రం ఆయనకి రెండోసారి వడ్డించేదాన్ని కాదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది. అది ఎలా జరిగిందో చెబుతాను.

ముందు ఆ నేల సంగతి. వేల ఏళ్ళుగా కరగని నేల అది, పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఎప్పుడో రాలిన ఆకులూ చచ్చిన గడ్డీ కుళ్ళకుండా అందులో అలాగే ఉండిపోయాయి. పైన దట్టంగా నాచు, ఆ నాచు మీద అడవి. నేలకి ఆ నాచే దుప్పటి. అడవి అంటుకుంటే దుప్పటి కాలిపోతుంది, కింద నేల కరగడం మొదలెడుతుంది. ఇన్నాళ్ళూ కుళ్ళనిది కుళ్ళి గాలిలో కలుస్తుంది. దాంతో గాలి ఇంకొంచెం వేడెక్కుతుంది, మిగిలిన అడవి ఇంకొంచెం ఎండుతుంది. ఈ తిరుగుడు మొదటిసారి అంకెల్లో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు అవే అంకెలు చూస్తూ బిస్కెట్లు తింటున్నాను.

నా బల్ల మీదికి ఆ అడవులన్నీ ఎర్రచుక్కలుగా వస్తాయి. ఉపగ్రహానికి ఎక్కడ వేడి తగిలితే అక్కడ ఒక చుక్క. అన్నీ అడవి మంటలే కావు. ఎండకి మెరిసే రేకుల కప్పూ చుక్కే, ఫ్యాక్టరీ గొట్టమూ చుక్కే. అసలువి ఉంచి మిగతావి పీకెయ్యాలి. నేను దీన్ని కలుపు తియ్యడం అంటాను. మా ఆఫీసులో ఆ మాట తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మనసులోనే అనుకుంటాను. లక్షల చుక్కల్ని చేత్తో ఏరలేం, అందుకని కంప్యూటర్‌కి నియమాలు రాసిపెడతాం. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉదయం, పాయా లేబర్‌లోని ఆఫీసుకి వెళ్తూ, సెరంగూన్‌లో రైలు మారి, గుంపులో నిలబడి ఫోన్‌లో ఒక నియమం రాసుకున్నాను: నేల మంచుతో కప్పబడి ఉన్న నెలల్లో వచ్చిన చుక్కలన్నీ తీసెయ్. ఒకే ఒక్క వరస. దానితో నా కలుపు పని సగానికి తగ్గింది. దిగాల్సిన స్టేషన్ దాటిపోతే కూడా విసుగనిపించలేదు, అంత సంతోషంగా ఉన్నాను.

ఎందుకలా రాశానంటే, నాకు తెలిసిన చలి ఫ్రిజ్‌లో చలి. ఈ ఊళ్ళో ఇడ్లీపిండి రుబ్బి గట్టు మీద పెడితే నాలుగు గంటల్లో పొంగి గిన్నె దాటుతుంది. ఫ్రిజ్‌లోకి తోస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చల్లబడింది అంటే ఆగిపోయింది అని ఆ పిండి నాకు రోజూ నేర్పింది. పక్క దీవుల్లో ఆకులు కుళ్ళి పేరుకున్న నల్లనేల నెలల తరబడి లోలోపల కాలుతుందనీ, గాలి ఇటు తిరిగినప్పుడు ఆ పొగే మా కిటికీల్లోకి వస్తుందనీ నాకు బాగా తెలుసు. కానీ అక్కడ మంచు పడదు కదా. మోకాళ్ళ లోతు మంచు కింద ఏం కాలుతుందిలే అనుకున్నాను. మంచు ఉన్న ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఆ వరస రాసి ఉండరు.

ఏరాక మిగిలిన చుక్కలే నా మ్యాప్. ఆ ఉత్తరపు అడవిలో దాన్ని వాడే శాస్త్రవేత్త ఒకామె ఉంది. ఆమె పని కూడా నా పనే, కాకపోతే నేను కూర్చుని చేసేది ఆమె నడిచి చేస్తుంది. ఇనపకడ్డీ నేలలోకి దించి, ఎంత లోతున గడ్డ తగులుతోందో కొలుస్తుంది. ఒక నది మలుపు దగ్గర ఒకే చోట తొమ్మిదేళ్ళుగా కొలిచింది. ఆ పక్కనే ఆమె పుట్టిన చిన్న ఊరు. వసంతంలో మంచు పోగానే ఊరివాళ్ళు మంటల కాపలాకి బయల్దేరతారు. ముందు ఎటు వెళ్ళాలో నా మ్యాప్ చూసి నిర్ణయించుకుంటారు. ఎర్రచుక్క ఉన్నచోటికి వెళ్తారు, లేనిచోటికి వెళ్ళరు. మేమిద్దరం ఎదురుపడింది ఎన్నడూ లేదు, వీడియో కాల్‌లోనే మాటలు. ఆమె వెనక మంచు, నా వెనక కిటికీ బయట వెదురు బొంగు మీద ఆరేసిన బట్టలు. "నీ కిటికీ జనవరిలో కూడా తెరిచే ఉంటుందా" అని ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేది.

ఈ ఏడాది మే నెలలో ఆమె నుంచి మెయిల్ వచ్చింది. నది మలుపు దగ్గర మంట లేచింది. చెట్ల నీడన ఇంకా మంచు ఉంది, కాపలా ఇంకా మొదలవలేదు. రెండు రోజుల్లో ఆమె కడ్డీలూ థర్మామీటర్లూ, తొమ్మిదేళ్ళు కొలిచిన ఆ స్థలమూ మొత్తం పోయాయి. ఊరి చివర మూడు ఇళ్ళు కూడా పోయాయి. మనుషుల్ని ట్రక్కుల్లో తరలించారు, ఎవరికీ ఏమీ కాలేదు. చివర ఒక ప్రశ్న రాసింది: "నీ మ్యాప్‌లో ఇక్కడ ఏమీ లేదు. నీకేమైనా కనిపించిందా?"

నేను మ్యాప్ తెరిచి చూశాను. నది మలుపు శుభ్రంగా ఉంది. "మా వైపు ఏమీ లేదు, పిడుగు పడి ఉంటుంది" అని రాసి పంపేశాను. ఆ చలిలో అక్కడ పిడుగులు పడవని కూడా ఆలోచించలేదు.

అప్పుడు నా ధ్యాస వేరేచోట ఉంది. బ్యాంకులో మా ఆయన పనిచేసే విభాగం మొత్తాన్ని ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ అప్పటిదాకా ఎవరిది వాళ్ళకుండేది. ఇప్పుడు ఆయనా, మా పద్నాలుగేళ్ళ అమ్మాయీ నా పాస్ మీదే ఈ దేశంలో ఉంటున్నారు. నా కాంట్రాక్టు జూలైతో అయిపోతుంది. పొడిగించాలా వద్దా అని ఆఫీసువాళ్ళు చూసేది కొత్తగా అచ్చయిన నా పరిశోధన పేపర్‌ని. ఆ ప్రాంతంలో మంటలన్నీ ఏ ఏటికాయేడు కొత్తగా పుట్టేవే, చలికాలం పాతవాటిని పూర్తిగా ఆర్పేస్తుంది అని అందులో గట్టిగా చెప్పాను. ఆ మాటకి ఆధారం రైల్లో రాసిన ఆ ఒక్క వరస. అమ్మాయి పుట్టింది ఇక్కడే, ఇంకో రెండేళ్ళలో పెద్ద పరీక్షలు. మధ్యలో తీసుకెళ్తే ఏ ఊళ్ళో ఏ బడిలో వేస్తామో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. ఆ రోజుల్లో మేమిద్దరం జూలై అనే మాట పైకి అనకుండా తిరిగేవాళ్ళం.

మా పై అంతస్తులో హైదరాబాద్ ఆంటీ ఒకావిడ ఉంటారు. కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే పగలంతా ఒంటరి. తెలుగు మాట్లాడే మనిషి దొరికితే తిండి పెట్టకుండా వదలరు. జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి నహారీ పెట్టారు. మాంసం వెన్నలా మెత్తబడేదాకా ఉడికే పులుసు అది. చాలా బాగుంది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఈ గ్యాస్ మీద ఏం రుచి ఉంటది బేటా. మా అమ్మీ పొద్దుగూకంగ పొయ్యి మీద పెడితే తెల్లారిందాక ఉడుకుతుండె. బొగ్గుల మీద ఇంత బూడిద కప్పి పండుకునేది."

"ఆరిపోదా ఆంటీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఎట్ల ఆరిపోతది? బూడిద కప్పితెనే కదా ఉండేది. ఉత్తగ ఇడిస్తే గంటల అయిపోతది. పైన చెయ్యి పెట్టి సూడు, సల్లగ ఉంటది. లోపల మాత్రం జిందా. పొద్దున బూడిద గీకి ఇంత ఊదితే, బస్. మా ఇంట్ల అగ్గిపెట్టె ఖర్చే లేకుండె."

నా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. "ఏమైంది బేటా, కారం ఎక్కువైందా?" అన్నారు. లేదన్నాను. పని గుర్తొచ్చిందని చెప్పి లేచాను. ఆవిడ డబ్బాలో కట్టి ఇచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాను గానీ ఆవిడ మాటలేవీ చెవికి ఎక్కలేదు.

మెట్లు దిగుతుంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. మా అమ్మమ్మ ఇంట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేవారు. సాయంత్రానికి అంతా బూడిదే, కదిపితే కింద ఎర్రగా నిప్పు. దాని పక్కన కూర్చుని మీగడ కోసం పేచీ పెట్టినదాన్నే నేను. నివురుగప్పిన నిప్పు అనే జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించమంటే ప్రయోగించి పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్నే. మంచు కూడా బూడిదలాగే కప్పుతుందనీ, కింద ఉన్నదాన్ని వెచ్చగా ఉంచుతుందనీ ఇంత చదువు చదివీ తట్టలేదు.

లాప్‌టాప్ తెరిచి ఆ వరస తీసేసి, పోయిన చలికాలపు బొమ్మల్ని మళ్ళీ నడిపించాను. నది మలుపు దగ్గర నాలుగు చుక్కలు వచ్చాయి. నవంబరులో ఒకటి, జనవరిలో రెండు, మార్చిలో ఒకటి. చిన్నవి, మసకవి, అన్నీ ఒకే చోట. అంతకు ముందు వేసవిలో అడవి కాలిన చోటే అది. ఆ మంట చావలేదు. నాచులోకీ, కరిగిన నేలలోకీ దిగి, మంచు కింద చలికాలమంతా రగులుతూ ఉండి, మే నెలలో పైకి లేచింది. ఉపగ్రహం నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ నేను కలుపని పీకేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పాత ఏళ్ళవన్నీ తిరగేస్తూ కూర్చున్నాను. అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. పైనుంచి తెచ్చిన నహారీ డబ్బా ఆ రోజు ఎవరూ తెరవలేదు.

మర్నాడు మా బాస్‌కి చూపించాను. మంచి మనిషి, ఎన్నడూ గొంతెత్తడు. తెర మీది చుక్కల్ని చాలాసేపు చూశాడు. మంచి పని చేశావు అన్నాడు. తరవాతి వెర్షన్‌లో పద్ధతి మెరుగుపరిచాం అని ఒక ముక్క పెడదాం, ఇప్పుడు పేపర్‌ని కదిలించకు, నీ కాంట్రాక్టు దాటనివ్వు అన్నాడు. "ఎవరూ అడగలేదు కదా లా" అన్నాడు చివర, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే ఆ లాతో. నా మీద దయతోనే అన్నాడు. ఒకామె అడిగిందనీ, ఆమెకి పిడుగని జవాబు రాశాననీ నేను చెప్పలేదు. తల ఊపి బయటికి వచ్చాను.

రెండు వారాలు కక్కలేక మింగలేక తిరిగాను. ఆమె నుంచి వచ్చే ప్రతి మెయిల్‌నీ వెంటనే తెరవకుండా పక్కన పెట్టేదాన్ని. కాలిన చోట కొత్త కడ్డీలు ఎక్కడ పాతాలి అని ఆమె మామూలుగా అడిగినా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇది నన్నే అంటోందా అని రెండుసార్లు చదువుకునేదాన్ని. జవాబు పొట్టిగా రాసి పంపేదాన్ని. ఇంట్లో అమ్మాయి మీద ఊరికే కసురుకునేదాన్ని. ఆమెకి కొలిచే స్థలం పోయింది, నాకు ఇంకా ఏమీ పోలేదు. పోకుండా చూసుకోవడంలోనే ఉన్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురం మా బ్లాకు దగ్గర, తిండి కొట్లన్నీ ఒక్కచోటే ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. కిటకిటలాడుతోంది. మా అమ్మాయి ఖాళీ అవుతున్న బల్ల చూసి పరిగెత్తి టిష్యూ ప్యాకెట్ పెట్టేసింది. ఇక్కడ దాన్ని చోప్ చెయ్యడం అంటారు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే మనిషి లేకపోయినా ఆ చోటు మనదే, ఎవరూ కూర్చోరు. మా ఆయన తిండి తేవడానికి వరసలో నిలబడ్డారు. రెండు వారాలుగా నాకేమైందని అమ్మాయి అడిగింది. చెప్పాను. నియమం, మంచు, నాలుగు చుక్కలు, అన్నీ చెప్పాను. దానికి వెంటనే అర్థమైంది.

"ఓ. సో ద ఫైర్ చోప్ ద ప్లేస్ లా" అంది, టిష్యూ ప్యాకెట్‌ని వేలితో తోస్తూ. "అండ్ యూ త్రో అవే ద టిష్యూ."

"అంతే" అన్నాను.

"బట్ షీ ఆస్క్ యూ, మమ్మీ. యూ టెల్ హర్ ఆర్ నాట్?"

ఆయన ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి కూర్చున్నారు. ఆ చివరి మాట ఆయన విన్నారు. ముందు రోజే ఆయనకి మొత్తం చెప్పాను. ఇప్పుడు స్పూన్లు పంచుతూ అన్నారు: "నీ పని నీకు తెలుసు. ఏం చేసినా సరే. నా పాస్ కోసం ఆగిపోయానని మాత్రం రేపు నన్ను అనొద్దు."

అక్కడే ఉంది నా గుట్టు. నేను ఆగింది వాళ్ళ కోసమని నాకు నేను చెప్పుకుంటున్నాను. అమ్మాయి చదువూ, ఆయన పాసూ నిజమైన భయాలే. కానీ వాటి వెనక దాక్కుని నేను కాపాడుకుంటున్నది నా పేరు. పదకొండేళ్ళు పనిచేసి, ఇడ్లీపిండి తెలివితో తప్పు చేశానని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆ భోజనమంతా పట్టింది. నూడుల్స్ చల్లారిపోయాయి.

సోమవారం ఉదయం ఆఫీసులో రెండు మెయిళ్ళు రాశాను. మొదటిది పత్రికవాళ్ళకి, పేపర్‌ని వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో వివరంగా. రెండోది ఆమెకి. అది రాయడం కష్టమైంది. మొదట రాసినదాంట్లో సాంకేతిక కారణాలు చాలా వచ్చాయి, చదివి తీసేశాను. చివరికి ఇలా పంపాను: నువ్వు అడిగినప్పుడు అసలు బొమ్మలు చూడకుండానే జవాబిచ్చాను. చుక్కలు ఉన్నాయి. నాలుగు. నేను రాసిన నియమం వాటిని తీసేసింది. పిడుగు అన్నది నా ఊహ. నన్ను క్షమించు. నాలుగు చుక్కలూ తారీకులతో సహా కింద పెట్టాను.

బాస్ నన్ను ఏమీ అనలేదు. నా వైపు చూడటం మాత్రం తగ్గించాడు. జూలైలో కాంట్రాక్టు డిసెంబరు దాకా పొడిగించారు, పాత మ్యాప్‌లు సరిదిద్దడానికి. తరవాత ఆ ఉద్యోగం ఉండదని కాగితంలోనే రాశారు.

ఆమె జవాబు ఆరు రోజులకి వచ్చింది. చిన్నది. జనవరిలో, నేను పంపిన రెండు తారీకులకి మధ్యలో, థర్మామీటర్లు చూడటానికి ఆమె నది మలుపు దగ్గరికి వెళ్ళిందట. ఒక చోట మంచు పళ్ళెంలా కుంగి ఉందట. పొగ వాసన వచ్చిందట. "ఇంటికి వచ్చి నీ మ్యాప్ చూశాను. ఏమీ లేదు. వాసన నా భ్రమ అనుకున్నాను. కాలిన మూడు ఇళ్ళలో ఒకటి మా పెద్దమ్మది" అని రాసింది. కింద ఇంకొక్క వాక్యం: ఇన్నేళ్ళూ నువ్వు తీసేసిన చుక్కలన్నీ నాకు పంపు.

తిట్టి ఉంటే భరించేదాన్ని. అక్కడ నిలబడి, సొంత ముక్కుతో పొగ వాసన చూసిన మనిషి, ఎండదేశంలో కూర్చుని నేను చేసిన బొమ్మను నమ్మి తన ముక్కును కాదనుకుంది. ఆఫీసు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. నేను ఇంత సిగ్గుపడింది ఇంకెన్నడూ లేదు.

ఇప్పుడు నవంబరు. అక్కడ మంచు పడింది. మంచు నెలల చుక్కల్ని కంప్యూటర్‌కి వదలకుండా చేత్తో ఏరుతున్నాను, ఒక్కొక్కటీ పాత మంటల పక్కన పెట్టి చూసుకుంటూ. సాయంత్రాలు మా అమ్మాయి హోంవర్క్ పక్కన పెట్టి వచ్చి కూర్చుంటుంది. ఎక్కడైనా అనుమానం తగిలితే "మమ్మీ, టిష్యూ ప్యాకెట్" అంటుంది. మా ఆయన హైదరాబాద్‌లో బడుల గురించి ఫోన్లు చేస్తున్నారు. అమ్మాయికి వినపడకుండా కారిడార్‌లో మాట్లాడుతున్నారు గానీ దానికి తెలుసు.

పోయిన గురువారం ఆమె ఊరికి తూర్పున ఒక చుక్క కనిపించింది, ఈ వేసవిలో కాలిన చోటే. మసకగా ఉంది. అలవాటు కొద్దీ, ఇది మంట అయ్యే అవకాశం ఎంత అని లెక్కలు వేసి ఆమెకి రాయబోయి ఆపేశాను. అవన్నీ తీసేసి, ఆ చోటు గుర్తులు ఇచ్చి, రెండు ముక్కలు రాశాను: నా మ్యాప్‌ని నమ్మకు. వెళ్ళి వాసన చూడు.

వెళ్తున్నాను అని గంటలోపే జవాబు వచ్చింది. శనివారం ఇంకొకటి: మంచు కుంగి ఉంది, పొగ ఉంది, ఊరివాళ్ళు పారలతో వస్తున్నారు.

ఆ మెయిల్ బాస్‌కి చూపించి, జనవరి నుంచి ఈ చుక్కల్ని ఎవరు చూస్తారని అడిగాను. ఇంకా ఎవరినీ అనుకోలేదన్నాడు. నా పాస్ డిసెంబరు చివరి దాకా ఉంది. అక్కడ మంచు మే దాకా ఉంటుంది.